దస్తర్‌ఖాన్ ముందు మెలకువ

మొదటి ఖుత్బా

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. మనలో ఆకలిని పెట్టినవాడు ఆయనే, ఆ ఆకలి తీరడానికి నేలలో గింజను మొలిపించినవాడూ ఆయనే. ఆయన ప్రియ ప్రవక్త ముహమ్మద్ (సఅసం) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ప్రియమైన ధార్మిక సోదరులారా! అందరికంటే ముందు నాకు, ఆ తర్వాత మీకు నేను చేసే హితబోధ ఒక్కటే: అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండండి. తఖ్వా అనగానే మన మనసు నమాజు వైపు, రోజా వైపు, జకాత్ వైపు వెళుతుంది. అది సహజమే. అయితే దినానికి మూడు పూటలు, ఏడాదికి వెయ్యికి పైగా సార్లు మనం దస్తర్‌ఖాన్ ముందు కూర్చుంటాము. అక్కడ కూర్చున్నప్పుడు తఖ్వా మనతో కూర్చుంటున్నదా, లేక చెప్పులతోపాటు గుమ్మం దగ్గరే ఆగిపోతున్నదా? ఈ రోజు మనం ఆలోచించవలసిన విషయం ఇది.

సోదరులారా! 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత ఫలితాలను గమనించండి. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ 15 నుంచి 49 ఏళ్ళ వయసు గల స్త్రీలలో, పురుషులలో ప్రతి 100 మందిలో 30 మందికి పైగా అధిక బరువుతోనో, ఊబకాయంతోనో ఉన్నారని ఆ సర్వే తెలిపింది. దేశం మొత్తం మీద ఈ సంఖ్య స్త్రీలలో 24, పురుషులలో 23 దరిదాపుల్లో ఉన్నది. అంటే మన రెండు తెలుగు రాష్ట్రాలూ ఈ విషయంలో దేశం కంటే ముందున్నాయి. సంతోషించవలసిన ముందంజ కాదిది. మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బు, కాలేయానికి కొవ్వు పట్టడం, మోకాళ్ళ అరుగుదల, నిద్రలో ఊపిరి ఆగిపోవడం వంటి బాధలకు అధిక బరువు దారి తీస్తుంది. మన మసీదుల వెనుక వరుసల్లో కుర్చీలు ఎలా పెరుగుతున్నాయో మీరు చూస్తూనే ఉన్నారు. వాటిలో కూర్చునేవారందరికీ కారణం ఒకటే అని నేను అనను. వృద్ధాప్యం ఉంటుంది, గాయాలు ఉంటాయి. అయినా సజ్దాలో నుదుటిని నేలకు ఆనించే భాగ్యం నలభై ఏళ్ళకే చేజారిపోతుంటే, దానిని కాపాడుకునే ఉపాయం మన చేతిలో కొంతైనా ఉన్నప్పుడు, ఉపేక్షించడం తగునా?

దివ్య ఖుర్‌ఆన్‌ను చూడండి. అల్ ఆరాఫ్ సూరా 31వ వాక్యంలో అల్లాహ్ ఆదం సంతతిని ఉద్దేశించి తినడానికి, త్రాగడానికి అనుమతి ఇచ్చాడు. ఆ వెంటనే హద్దు మీరవద్దన్నాడు. హద్దు మీరేవారు తనకు ఇష్టులు కారని కూడా తెలియజేశాడు. అనుమతి, హద్దు రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి. ధర్మసమ్మతమైన ఆహారాన్ని తనపై తాను నిషేధించుకునేవాడు మొదటి సగాన్ని మరచిపోయాడు. హలాలే కదా అని అంతులేకుండా తినేవాడు రెండవ సగాన్ని మరచిపోయాడు. మాంసం హలాల్ అయినంత మాత్రాన దాని పరిమాణం గురించి మనల్ని ప్రశ్నించరని భావించడం పొరపాటు.

అబస సూరాలో మరొక ఆజ్ఞ ఉన్నది. దానిని మనం పారాయణం చేస్తాము గాని, దస్తర్‌ఖాన్ దగ్గర గుర్తు తెచ్చుకోము. మానవుడు తన ఆహారం వైపు ఒకసారి చూడాలని అల్లాహ్ అక్కడ ఆదేశించాడు. వాన కురిసిన తీరు, నేల చీలిన తీరు, గింజలు, ద్రాక్ష, ఆలివ్, ఖర్జూరం, దట్టమైన తోటలు, పండ్లు ఇవన్నీ ఎలా వచ్చాయో చూడమన్నాడు. మన పళ్ళెంలోని అన్నానికి కూడా ఇదే వర్తిస్తుంది. ఆ మెతుకు వెనుక గోదావరి నీరు ఉన్నది, కృష్ణ నీరు ఉన్నది, బురదలో నడుము వంచి నాట్లు వేసిన స్త్రీ ఉన్నది, పొయ్యి సెగలో నిలబడిన మన ఇల్లాలు ఉన్నది. ఇంతమందిని దాటి వచ్చిన ముద్దను ఫోను తెరపై కళ్ళు నిలిపి మ్రింగేవాడు ఆ ఆజ్ఞను పాటించినట్లా?

కడుపు విషయంలో దైవప్రవక్త (సఅసం) ఇచ్చిన కొలత మీకు తెలిసినదే. హజ్రత్ మిఖ్దామ్ బిన్ మఅదీకరిబ్ (రజి) ఉల్లేఖనాన్ని ఇమామ్ తిర్మిజీ పొందుపరిచారు. మనిషి నింపే పాత్రలన్నింటిలో కడుపు కంటే చెడ్డది లేదని, నడుము నిలబడడానికి కొన్ని ముద్దలు చాలునని, తప్పదనుకుంటే ఒక భాగం అన్నానికి, ఒక భాగం నీటికి, ఒక భాగం ఊపిరికి ఉంచమని దాని సారాంశం. గమనించండి, మూడింట ఒక వంతు అన్నది కోరదగిన కనీసం కాదు. కొన్ని ముద్దలతో సరిపెట్టుకోలేనివారికి ఇచ్చిన గరిష్ఠ పరిమితి అది. మనం దానిని కూడా దాటి, ఊపిరి కోసం ఉంచిన గదిలోకి మిఠాయిని నెడుతున్నాము.

ఇక్కడ రెండు విషయాలు స్పష్టం చేయాలి. మొదటిది: ఆకలి వేసేదాకా తినమని, తింటే కడుపు నిండకముందే లేస్తామని చెప్పే ఒక మాట హదీసుగా ప్రచారంలో ఉన్నది. దాని భావం మంచిదే. అయితే అది దైవప్రవక్త (సఅసం) పలుకు అని చెప్పడానికి నమ్మదగిన సనద్ లేదు. ప్రామాణికమైన హదీసులు మన వద్ద సమృద్ధిగా ఉండగా, ఆధారం లేనిదానిని ఆయనకు అంటగట్టవలసిన అవసరం లేదు. రెండవది: ఎప్పుడో ఒకసారి కడుపు నిండా తినడం పాపం కాదు. ఆకలితో అలమటిస్తున్న హజ్రత్ అబూ హురైరా (రజి) ముందుగా సుఫ్ఫా వాసులకు పాలు త్రాగించిన సంఘటన సహీహ్ బుఖారీలో ఉన్నది. చివరికి ఆయన వంతు వచ్చినప్పుడు దైవప్రవక్త (సఅసం) ఇంకా త్రాగు, ఇంకా త్రాగు అని ప్రోత్సహించారు. ఇక కడుపులో చోటు లేదని ఆయనే చెప్పేదాకా త్రాగించారు. కనుక నింద ఒక పూట తృప్తికి కాదు, ప్రతి పూటా హద్దు మీరే అలవాటుకు, శరీరానికి హాని చేసే అలవాటుకు.

సోదరులారా! మనిషికి మూడు ఆకలులు ఉంటాయి. కడుపు ఆకలి ఒకటి, కంటి ఆకలి ఒకటి, మనసు ఆకలి ఒకటి. కడుపు ఆకలి మెల్లగా వస్తుంది, జొన్నరొట్టె పెట్టినా, పప్పన్నం పెట్టినా చల్లారుతుంది. కంటి ఆకలి వంటకాన్ని చూడగానే పుడుతుంది. భోజనం ముగించి చేతులు కడుక్కున్నవాడు కూడా ఖుబానీ కా మీఠా గిన్నె రాగానే మళ్ళీ కూర్చుంటాడు. మనసు ఆకలి అన్నింటికంటే లోతైనది. దిగులు, ఒంటరితనం, కోపం, పని ఒత్తిడి, పిల్లల గురించిన బెంగ, ఇవి ఆకలి వేషంలో వస్తాయి. అప్పుడు చేయి బిస్కట్ల డబ్బా వైపు వెళుతుంది. కడుపుకు అన్నం మందు. మనసు ఆకలికి అన్నం మందు కాదు. దానికి దుఆ కావాలి, ఓదార్చే స్నేహితుడు కావాలి, అవసరమైతే వైద్యుని సలహా కావాలి. తినబోయే ముందు ఒక్క క్షణం ఆగి, ఇది ఏ ఆకలి అని తనను తాను ప్రశ్నించుకోవడం ఆత్మవిచారణే. ముహాసబా రాత్రి పడుకునే ముందు మాత్రమే చేసేది కాదు. ఇమామ్ గజాలీ (రహ్మ) తన ఇహ్యా ఉలూమిద్దీన్‌లో భోజన మర్యాదలకు ఒక భాగాన్ని, కడుపు కోరికను అదుపు చేయడం గురించి మరొక భాగాన్ని కేటాయించారంటే, మన పెద్దలు ఈ విషయాన్ని ఎంత గంభీరంగా పరిగణించారో తెలుసుకోండి.

నేటి వైద్యులు కూడా ఈ దిశగా ఆలోచిస్తున్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో 1979లో జాన్ కబాట్ జిన్ అనే ఆచార్యుడు రోగుల కోసం ఒక శిక్షణను ప్రారంభించారు. బౌద్ధ ధ్యాన పద్ధతుల నుంచి మతాంశాన్ని తొలగించి ఆయన దానిని రూపొందించారు. అందులో ఒక అభ్యాసం ఉన్నది. ఒకే ఒక్క ఎండుద్రాక్షను చేతిలోకి తీసుకుని, చూసి, వాసన గ్రహించి, నెమ్మదిగా నమిలి, రుచి మారే తీరును గమనించాలి. ఆ తర్వాత ఇతర పరిశోధకులు ఈ పద్ధతిని అతిగా తినే జబ్బు ఉన్నవారికి ఉపయోగపడేలా విస్తరించారు. మెలకువతో భోజనం చేయడం అంటే ఇదే. జ్ఞానం ఎక్కడ లభించినా విశ్వాసి దానిని పరిశీలించి మంచిని స్వీకరిస్తాడు. అయితే మన సంకల్పం వేరు. వారు ఆ క్షణంపై దృష్టి నిలుపుతారు, మనం ఆ క్షణాన్ని ప్రసాదించినవానిని కూడా స్మరిస్తాము. నమాజులో మనం కోరుకునే హుజూరె ఖల్బ్, అంటే హృదయ సాన్నిధ్యం, దస్తర్‌ఖాన్ దగ్గర కూడా ఉండాలి.

దీని ఫలితం గురించి ఉన్నది ఉన్నట్లు చెప్పుకోవాలి. ఇలా తినడం వలన అదుపు లేకుండా తినడం, దిగులుతో తినడం తగ్గుతాయని పరిశోధనలు చూపాయి. బరువు తగ్గడం విషయంలో మాత్రం ఫలితాలు అందరిలో ఒకేలా లేవు. కొందరిలో కొద్దిగా తగ్గింది, కొందరిలో తగ్గలేదు. కనుక ఇది మంత్రం కాదు. ఏమి తింటున్నాము, ఎంత తింటున్నాము, ఎంత నడుస్తున్నాము, ఎంత నిద్రిస్తున్నాము అన్నవి కూడా దీనితో కలవాలి. అయినా మెలకువ లేనివాడు ఆ మిగతావాటిని అమలు చేయలేడు. అందుకే దీనిని మొదటి మెట్టు అంటున్నాను.

ఇందులోని రహస్యం ఏమిటంటే, కడుపు నిండిన కబురు మెదడుకు తక్షణమే చేరదు. జీర్ణాశయం సాగినప్పుడు నరాల ద్వారా ఒక సందేశం వెళుతుంది, పేగుల నుంచి వెలువడే హార్మోన్ల ద్వారా మరొకటి వెళుతుంది. ఇదంతా పూర్తి కావడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఏడెనిమిది నిమిషాల్లో భోజనం ముగించేవాడు ఆ కబురు అందేలోపే రెండవసారి వడ్డించుకుంటాడు. లేచి నిలబడిన తర్వాత గాని ఎక్కువ తిన్నానని తెలియదు.

ఇప్పుడు సున్నత్ మర్యాదలను ఈ దృష్టితో చూడండి. హజ్రత్ ఉమర్ బిన్ అబీ సలమా (రజి) చిన్న పిల్లవాడుగా ఉన్నప్పుడు పళ్ళెంలో అన్ని వైపులా చేయి తిప్పుతుంటే, దైవప్రవక్త (సఅసం) ఆయనకు మూడు విషయాలు నేర్పారు: అల్లాహ్ పేరు తలచుకోవడం, కుడిచేత్తో తినడం, తన ముందున్న దానిలోంచి తినడం. దైవప్రవక్త (సఅసం) మూడు వేళ్ళతో తినేవారు. మూడు వేళ్ళలో పెద్ద ముద్ద ఇమడదు. ఆనుకుని కూర్చుని తినేవారు కాదు. నీటిని ఒక్క గుక్కలో కాక, పాత్రకు బయట ఊపిరి తీసుకుంటూ మూడుసార్లుగా త్రాగేవారు. తాజా ఖర్జూరాలతోనో, అవి లేకుంటే ఎండు ఖర్జూరాలతోనో, అవీ లేకుంటే కొన్ని గుక్కల నీటితోనో మగ్రిబ్ నమాజుకు ముందే ఇఫ్తార్ చేసేవారు. మనం కూడా అంతటితో ఆగి నమాజు చేసుకుని వస్తే, ఆకలి ఉధృతి చల్లారడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. కాని మనం ఆ కొద్ది నిమిషాల్లోనే సమోసాలు, మిరపకాయ బజ్జీలు, షర్బత్ ముగించి రుకూలో వంగడానికి ఆయాసపడుతున్నాము. ఆ తర్వాత హలీం వేరే ఉన్నది!

మరొక హదీసు ఆలోచించదగినది. భోజనం వడ్డించి ఉండగా ఇఖామత్ వినబడితే, ముందు భోజనం చేయమని, ముగిసేదాకా తొందరపడవద్దని దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించారు. ఇమామ్ ఖిరాత్ వినబడుతున్నా ఆయన భోజనం ముగించే వెళ్ళేవారు. నమాజు వంటి గొప్ప ఆరాధన ముందు కూడా అన్నాన్ని ఆదరాబాదరాగా మ్రింగవద్దని చెప్పిన ధర్మం మనది. అటువంటప్పుడు ఒక వీడియో కోసం, ఒక ఫోను పిలుపు కోసం తొందరపడి మ్రింగడం ఎంత దూరం పోయినట్లు?

ఈ మాటలు చెప్పి, నా కొరకు, మీ కొరకు అల్లాహ్ మన్నింపును అర్థిస్తున్నాను. మీరూ అర్థించండి. నిశ్చయంగా ఆయన క్షమించేవాడు, కరుణించేవాడు.

రెండవ ఖుత్బా

స్తోత్రాలన్నీ అల్లాహ్‌కే. దైవప్రవక్త (సఅసం) పై దరూద్, సలాములు.

సోదరులారా! ఒక సందేహం చాలామందిలో ఉన్నది. పళ్ళెం శుభ్రంగా తుడిచి తినడం సున్నత్ కదా, మరి వడ్డించినదంతా తినక తప్పదు కదా అంటారు. పళ్ళెంలో ఏ భాగంలో బర్కత్ ఉన్నదో తెలియదు గనుక ఏదీ వదలవద్దని బోధించిన మాట వాస్తవమే. అయితే ఆ పళ్ళెంలో అంత వడ్డించుకోమని ఎక్కడ చెప్పారు? సున్నత్ పళ్ళెం తుడవడంతో ప్రారంభం కాదు, గరిటె పట్టినప్పుడే ప్రారంభమవుతుంది. తక్కువ పెట్టుకోండి, చాలకపోతే మళ్ళీ పెట్టుకోండి. మిగిలినదానిని దాచండి, పొరుగింటికి పంపండి, ఆకలిగొన్నవానికి ఇవ్వండి. ఇద్దరి భోజనం ముగ్గురికి, ముగ్గురి భోజనం నలుగురికి సరిపోతుందని దైవప్రవక్త (సఅసం) తెలిపారు. అవసరం లేని కడుపులోకి త్రోసిన అన్నం కూడా వృథా అయినట్లే. పైగా అది జబ్బును వెంటపెట్టుకుని వస్తుంది.

ఈ సందర్భంగా మన ఇళ్ళలోని స్త్రీల గురించి ఒక మాట. అందరికీ వడ్డించి, అందరూ లేచాక, పిల్లలు వదిలిన ముద్దలు, గిన్నె అడుగున మిగిలిన అన్నం వృథా కారాదని తానే తినేసే తల్లి ప్రతి ఇంట్లో ఉన్నది. ఆమె ఆకలితో తినడం లేదు, బాధ్యతతో తింటున్నది. తర్వాత ఆమె బరువు పెరిగిందని ఆమెనే దెప్పుతారు. భర్తలారా! ఆమె కూర్చున్నాకనే ముద్ద ఎత్తండి. పిల్లలకు కొంచెం కొంచెంగా పెట్టడం నేర్పండి. ఆమె నడకకు వెళ్ళడానికి ఉదయమో, సాయంత్రమో ఒక అరగంట తీరిక కల్పించండి, కుదిరితే మీరూ కలిసి నడవండి. దైవప్రవక్త (సఅసం) ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) తో పరుగు పందెం వేశారు. ఆమె గెలిచారు. కొంతకాలానికి ఆమె శరీరం కాస్త బరువెక్కిన తర్వాత మళ్ళీ పరుగెత్తారు. ఈసారి ఆయన గెలిచి, అప్పటి దానికి ఇప్పుడిది సరిపోయిందని సరదాగా అన్నారు. సునన్ అబూ దావూద్‌లోని ఈ ఉల్లేఖనంలో ఎత్తిపొడుపు లేదు, చిన్నచూపు లేదు. కలిసి పరుగెత్తడం ఉన్నది, కలిసి నవ్వుకోవడం ఉన్నది.

దావత్‌ల సంగతి కూడా చెప్పుకోవాలి. అతిథిని గౌరవించడం ఈమాన్‌లో భాగం. కాని వద్దు వద్దంటున్నవాని పళ్ళెంలో ప్రమాణాలు చేసి మరీ బిర్యానీ గుమ్మరించడం గౌరవం కాదు. ఆయనకు చక్కెర వ్యాధి ఉన్నదేమో, ఇంటికి వెళ్ళి మాత్రలు లెక్కపెట్టుకోవలసి ఉన్నదేమో! ఒకసారి అడగండి, ప్రేమగా రెండవసారి అడగండి. ఆ తర్వాత ఆయన మాటకు విలువ ఇవ్వండి. వలీమా సున్నత్. బిర్యానీ పక్కన రెండు మూడు మాంసం కూరలు, వాటి పైన రెండు మూడు రకాల మిఠాయిలు, చివరికి చెత్తకుండీ పాలయ్యే గంపెడు అన్నం, ఇవి సున్నత్ కావు. ఈ సంవత్సరం మన మహల్లాలో పెళ్ళి చేయబోయేవారు ఒక్క మాంసాహార వంటకం, ఒక్క మిఠాయి, నిండుగా కూరగాయలు, పండ్లు అని నిర్ణయించుకుంటే, వారి వెనుక వచ్చే పేదవాని భారం కూడా తగ్గుతుంది.

సోదరులారా! ఈ ప్రసంగం విని బయటకు వెళ్ళి, లావుగా ఉన్న సోదరుని వైపు చూసి ఎవరైనా నవ్వితే, నేను చెప్పినది వ్యర్థమైనట్లే. ఒకరినొకరు ఎగతాళి చేయడాన్ని హుజురాత్ సూరా నిషేధించింది. శరీర బరువుకు కారణం ఎప్పుడూ తిండే కాదు. వంశపారంపర్యం, థైరాయిడ్ లోపం, కొన్ని మందులు, నిద్రలేమి, మానసిక వేదన కూడా కారణాలు కావచ్చు. ఎవరి కడుపులో ఏమున్నదో వైద్యునికి తెలుసు, ఎవరి హృదయంలో ఏమున్నదో అల్లాహ్‌కు తెలుసు. హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) సన్నని పిక్కలను చూసి కొందరు నవ్వితే, అవి త్రాసులో ఉహుద్ పర్వతం కంటే బరువైనవని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. సన్నని కాళ్ళను చూసి నవ్వడం తగనప్పుడు లావు శరీరాన్ని చూసి నవ్వడం ఎలా తగుతుంది? ప్రళయదినాన తూచేది కర్మలను, కిలోలను కాదు.

ఇక ఆచరణ. మన దేశవాసులకు వైద్యులు నిర్ణయించిన కొలతలు పాశ్చాత్యుల కంటే తక్కువ, ఎందుకంటే తక్కువ బరువులోనే మన పొట్ట చుట్టూ కొవ్వు చేరి మధుమేహాన్ని పిలుస్తుంది. 165 సెంటీమీటర్ల ఎత్తు గల మనిషి 63 కిలోలు దాటితే అధిక బరువు, 68 దాటితే ఊబకాయం. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు. ఈ వారమే ఒక టేపు తీసుకుని కొలుచుకోండి. దేహం మన సొత్తు కాదు, అమానతు. దాని హక్కు మనపై ఉన్నదని సహీహ్ హదీసుల్లో వచ్చింది.

తర్వాత ఈ నాలుగు పనులు చేయండి. మొదటిది: రోజుకు ఒక పూట అయినా ఫోను, టీవీ లేకుండా, కూర్చుని, బిస్మిల్లాహ్ చెప్పి, ఒక్క క్షణం ఆ ఆహారం వైపు చూసి ప్రారంభించండి. రెండవది: నోటిలోని ముద్ద పూర్తిగా నమిలి మ్రింగాకనే తర్వాతి ముద్ద కలపండి. భోజనానికి 20 నిమిషాలు ఇవ్వండి. సగం తిన్నాక ఆగి, ఇంకా ఆకలి ఉన్నదా అని కడుపును అడగండి. మూడవది: పళ్ళెంలో సగం కూరగాయలకు, ఆకుకూరలకు కేటాయించి, అన్నాన్ని ఆ మేరకు తగ్గించండి. నాల్గవది: త్రాగేవాటిని లెక్కించండి. రెండు చెంచాల చక్కెరతో రోజుకు నాలుగు ఇరానీ చాయ్‌లు త్రాగేవాడు ఎనిమిది చెంచాల చక్కెర త్రాగినట్లు. 300 మిల్లీలీటర్ల కూల్ డ్రింక్ సీసాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. ఇవి ఆకలి తీర్చవు, బరువు మాత్రం పెంచుతాయి.

80 కిలోల మనిషి 4 నుంచి 8 కిలోలు తగ్గినా చక్కెర, రక్తపోటు మెరుగుపడతాయని వైద్యులు చెబుతున్నారు. కనుక నిరాశ వద్దు, తొందర కూడా వద్దు. అయితే ఒక హెచ్చరిక: ఇన్సులిన్, మధుమేహ మాత్రలు వాడేవారు వైద్యుని సంప్రదించకుండా ఆహారాన్ని ఒక్కసారిగా తగ్గించరాదు, మందులు మానరాదు. చక్కెర స్థాయి పడిపోయి ప్రాణానికే ముప్పు రావచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే పిల్లలు కూడా తమంతట తాము ఉపవాసాలు, పథ్యాలు మొదలుపెట్టరాదు. చికిత్స పొందమని ఆదేశించిన ప్రవక్త (సఅసం) అనుచరులం మనం.

రండి, దుఆ చేద్దాము. ఓ అల్లాహ్! నీవు ప్రసాదించిన ఉపాధిలో మాకు శుభాన్ని ప్రసాదించు. మా కడుపులను మాపై పెత్తనం చేయనివ్వకు. నీ ముందు వంగే నడుమును, నీకు సజ్దా చేసే మోకాళ్ళను మా చివరి రోజుదాకా కాపాడు. మాలో వ్యాధిగ్రస్తులకు స్వస్థత ప్రసాదించు. మా పొరుగున ఆకలితో పడుకున్నవానిని మేము మరచిపోకుండా చేయి. ప్రతి ముద్దకు ముందు నీ నామాన్ని, ప్రతి భోజనం తర్వాత నీ కృతజ్ఞతను మా నాలుకలపై, మా హృదయాలలో నిలుపు. ఆమీన్.

లేవండి, వరుసలు సరిచేసుకోండి. నమాజు స్థాపించండి.